ఊపుకు బలం అని పేరు పెట్టుకున్న విద్యార్థి: ఒక కేస్ స్టడీ

కడప జిల్లాలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు చాలా ఏళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఈ కేసు మొదటి సంవత్సరం ఎంపీసీ చదివిన ఒక అబ్బాయిది. అతన్ని గుర్తుపట్టే వీలు లేకుండా ఊరు, కుటుంబం, చదివిన సంవత్సరం వంటి వివరాలను కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. అతని జవాబు పత్రాలలోని బొమ్మలను, అతను అన్న మాటలను మాత్రం నా నోటు పుస్తకంలో రాసుకున్నవి రాసుకున్నట్టే ఇస్తున్నాను, ఎందుకంటే ఈ కేసులో పాఠమంతా ఆ మాటల్లోనే ఉంది.

నేపథ్యం

అబ్బాయి పదో తరగతి దాకా జిల్లా పరిషత్ పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివాడు. ఇంట్లోవాళ్లు బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తారు, సెలవుల్లో అతను కూడా అక్కడికి వెళ్లి సాయం చేసేవాడు. లెక్కల్లో చురుకు. సమీకరణం కనిపిస్తే చాలు, తెలియని రాశిని క్షణంలో ఒక పక్కకు తెచ్చేవాడు. ఈఏపీసెట్‌లో మొత్తం 160 ప్రశ్నలలో 80 గణితానివే కాబట్టి ఇంత వేగం ఉన్నవాడికి ఇబ్బంది ఉండదని అతని ఇంట్లోవాళ్లూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

సమస్య ఎలా కనిపించింది

మొదటి యూనిట్ పరీక్షలో శుద్ధగతిక శాస్త్రం (బలాల ఊసు లేకుండా చలనాన్ని మాత్రమే లెక్కించే భాగం) లెక్కలన్నీ సరిగ్గా చేశాడు. బలాల పటం గీయమన్న మూడు ప్రశ్నలు మాత్రం మూడూ తప్పాయి. నిట్టనిలువుగా పైకి విసిరిన బంతికి, అది పైకి పోతున్నంతసేపూ, కిందికి భారం బాణంతో పాటు పైకి ఇంకో బాణం గీశాడు. మొదట్లో అది భారం కన్నా పెద్దది, గరిష్ఠ ఎత్తులో దానికి సమానం, దిగేటప్పుడు చిన్నది. తాడు కట్టి గుండ్రంగా తిప్పుతున్న రాయికి తాడులోని తన్యతతో (తాడు లాగే బలంతో) పాటు బయటి వైపుకు సమానమైన బాణం గీసి, పక్కన ‘బ్యాలెన్స్’ అని రాశాడు. వాలు తలం మీద జారకుండా పైకి దొర్లుతున్న గోళానికి ఘర్షణను వాలు వెంట కిందికి గీశాడు.

విచిత్రమేమంటే, అదే పత్రంలో తర్వాతి ప్రశ్నకు ఆ బంతి త్వరణం దారి పొడవునా 9.8 మీ/సె², కిందికి అని సరిగ్గా రాశాడు. గరిష్ఠ ఎత్తులో రెండు బలాలూ సమానమైతే అక్కడ త్వరణం సున్నా కావాలి గదా అన్న అనుమానం అతనికి రాలేదు. అతని బుర్రలో సూత్రాలు ఒక గదిలో, బొమ్మలు ఇంకో గదిలో ఉన్నాయి, మధ్య తలుపు లేదు.

పత్రం పక్కన నేను ఎర్ర సిరాతో ‘అశ్రద్ధ’ అని రాశాను. ఆ ఒక్క మాట నాకు ఐదు వారాలు ఖర్చు పెట్టించింది. అశ్రద్ధ అయితే తప్పులు చెదురుమదురుగా ఉంటాయి. ఇతని మూడు బొమ్మలకూ ఒక క్రమం ఉంది, బంతి మీది పై బాణం తగ్గుతూ వచ్చిన తీరులోనే ఒక పూర్తి సిద్ధాంతం ఉంది. దాన్ని అప్పుడు చూడలేకపోయాను. మూడు అధ్యాయాల్లోని మూడు వేర్వేరు లోపాలుగా లెక్కగట్టి, మూడింటికీ విడివిడిగా మందు వేయబోయాను.

ముందు చేసినవి, అవి ఎందుకు పనిచేయలేదో

మొదట లెక్కల సంఖ్య పెంచాను. అతని బలం గణితంలో ఉంది కాబట్టి న్యూటన్ రెండో నియమాన్ని పదే పదే వాడిస్తే బొమ్మ దానంతటదే సర్దుకుంటుందన్నది నా ఆలోచన. మూడు వారాలు చేయించాను. లెక్కలు దాదాపు అన్నీ ఒప్పే, బొమ్మలు మాత్రం ఎక్కడివి అక్కడే. తర్వాత ఆ లెక్కల కాగితాలను తిరగేసి చూస్తే కారణం తెలిసింది. ‘10 న్యూటన్‌ల బలం పనిచేస్తే’ అంటూ బలాన్ని ప్రశ్నే చేతికిస్తోంది. ఏ బలాలు ఉన్నాయో వెతికే పని విద్యార్థికి ఒక్క లెక్కలోనూ లేదు. లేని పనిని మూడు వందల సార్లు చేయించినా అభ్యాసం కాదు.

నియమాన్ని మళ్లీ వివరించడం రెండో ప్రయత్నం. దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మొదటి నియమాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పి, ఆ వెంటనే పాత బొమ్మే గీశాడు.

మూడోది ప్రయోగం. దీని వైఫల్యం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మాలో చాలామంది ఇదే ప్రయోగం చేస్తాం. మీటరు తాడుకు రబ్బరు బిరడా కట్టి మైదానంలో తలపైన తిప్పి వదిలాను. అది స్పర్శరేఖ వెంట పోతుందని నాకు తెలుసు, కాబట్టి నాకు అలాగే కనిపించింది. ‘ఎటు పోయిందిరా?’ అంటే, ‘బయటికే పోయింది సార్, నేను చెప్పినట్టే’ అన్నాడు. వాదించాను. రెండోసారీ అదే మాట.

ఇంటికి వచ్చి కాగితం మీద లెక్క వేశాను. సెకనుకు రెండు చుట్లు అంటే 720 డిగ్రీలు. నా వేళ్లు తాడును వదలడంలో సెకనులో పదోవంతు అటూ ఇటూ అయితే బిరడా 72 డిగ్రీలు తిరిగిపోయి ఉంటుంది. వదిలిన క్షణానికి అది వృత్తం మీద ఎక్కడ ఉందో నాకే తెలియనప్పుడు, పోయిన దారి వ్యాసార్ధం వెంటనా, స్పర్శరేఖ వెంటనా అని దూరంగా నిలబడ్డ పిల్లవాడు ఎలా తేల్చగలడు? రెండు సిద్ధాంతాలలో ఏది ఒప్పో తేల్చే శక్తి ఆ ప్రయోగానికి లేదు. అతను మొండికేశాడని అనుకున్నాను కానీ, ఉన్న సాక్ష్యాన్ని బట్టి అతని మాట నా మాటకంటే తీసికట్టుదేమీ కాదు.

మలుపు

ఐదో వారం చివర, ఇక చెప్పడం మానేసి వినాలని నిర్ణయించుకున్నాను. దీనికి నాకు నేను పెట్టుకున్న షరతు ఒక్కటే, అరగంట పాటు తప్పొప్పులు అనకూడదు. కామన్ రూములోని క్యారమ్ బోర్డు ముందు కూర్చోబెట్టి, స్ట్రైకర్‌ను కొట్టమని, అది వేలు వదిలాక ఏం జరుగుతోందో తన మాటల్లో చెప్పమన్నాను. పుస్తకం భాష వద్దు, ఇంట్లో మాట్లాడినట్టే చెప్పమన్నాను.

‘వేలు ఇడిసినాక గూడా దాంట్లో ఊపు ఉంటాది గదా సార్. ఆ ఊపుతోనే పోతాది. పౌడరు తక్కువుంటే ఊపు బిన్నా అయిపోతాది, నిలబడిపోతాది.’

‘ఊపు అంటే?’

‘అదే సార్, బలం.’

ఈ రెండు వాక్యాల మధ్యే అతని కష్టమంతా ఉంది. మొదటి వాక్యంలో తప్పేమీ లేదు. వేలు వదిలాక స్ట్రైకర్‌కు నిజంగానే ఒకటి మిగిలి ఉంది. అది బరువైన స్ట్రైకర్‌లో ఎక్కువ, వేగంగా పోయేదాంట్లో ఎక్కువ, ఘర్షణ దాన్ని తగ్గిస్తుంది, ఇంకో కాయను కొడితే దానికి కొంత పంచి ఇస్తుంది. పాఠ్యపుస్తకం దాన్ని ద్రవ్యవేగం అంటుంది, ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది. ఊపు అన్నది దానికి మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న పేరు. అతను పొరబడింది రెండో వాక్యంలో, ఆ ఊపునే బలం అనడంలో. మాట్లాడే తెలుగులో బలం అంటే మనిషిలోనో ఎద్దులోనో ఉండేది. భౌతికశాస్త్రంలో బలం దేనిలోనూ ఉండదు, రెండు వస్తువుల మధ్య జరుగుతుంది. ఈ తేడాను నేను పాఠంలో ఒక్కసారి కూడా నోరు తెరిచి చెప్పలేదు.

ఇక్కడ ఒక పక్కమాట. ఈ పొరపాటు చేసినవాళ్లలో మహామహులున్నారు. 6వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన జాన్ ఫిలోపోనస్, విసిరిన చెయ్యి విసిరిన వస్తువులో ఒక శక్తిని నింపుతుందన్నాడు. 14వ శతాబ్దంలో పారిస్‌లో జాన్ బురిడాన్ దానికి ఇంపెటస్ అని పేరు పెట్టి, అది పదార్థం పరిమాణాన్ని, వేగాన్ని బట్టి ఉంటుందన్నాడు. మన వైశేషిక దర్శనకారులు సంస్కారాన్ని (వస్తువులో మిగిలిపోయే ముద్రను) వేగం, భావన, స్థితిస్థాపకం అని మూడుగా విభజించి, నోదనం (నెట్టడం) ఆగాక కూడా వస్తువును నడిపించేది ఆ వేగమే అన్నారు. ఆ మూడింటిలో వేగం, స్థితిస్థాపకం అన్న రెండు పేర్లు ఈనాటి తెలుగు భౌతికశాస్త్ర పుస్తకాల్లోనూ తిరుగుతున్నాయి, వేగం మాత్రం వేరే అర్థంతో. 1982లో అమెరికాలో జాన్ క్లెమెంట్ ఇంజనీరింగ్ విద్యార్థులను పైకి ఎగరేసిన నాణెం మీది బలాలను గీయమంటే, చాలామంది మా అబ్బాయి గీసిన బొమ్మనే గీశారు. ఇది తెలిసి కూడా అతని పత్రం మీద ‘అశ్రద్ధ’ అని రాసినవాణ్ణి నేనే.

పనిచేసినది

ఇప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. ఊపు అనే ఆలోచనను పూర్తిగా తుడిచేయడం ఒకటి, దానికి సరైన చోటు చూపించడం ఇంకొకటి. తుడిచేస్తే అతని ఇన్నేళ్ల అనుభవమంతా తప్పు అన్నట్టవుతుంది, పైగా నాలుగు వారాల తర్వాత ద్రవ్యవేగం పాఠంలో నేనే దాన్ని వెనక్కి తెచ్చుకోవాలి. అందుకని రెండో దారి పట్టాను.

రెండు కట్టుబాట్లు పెట్టాను. గీసిన ప్రతి బలం బాణం పక్కనా రెండు పేర్లు రాయాలి, ఎవరు వేస్తున్నారు, ఎవరి మీద వేస్తున్నారు అని. ఊపును గీసుకోవచ్చు, కానీ ఆకుపచ్చ పెన్సిల్‌తో, వస్తువు మీద కాకుండా పక్కన. రెండింటికీ సంబంధం ఒక్కటే: బలం ఊపును మారుస్తుంది, ఎంత బలం ఉంటే సెకనుకు అంత ఊపు మారుతుంది.

అంకెలను కావాలనే తేలికగా ఎంచుకున్నాను. 100 గ్రాముల బంతిని 9.8 మీ/సె వేగంతో పైకి విసిరామనుకుందాం. చెయ్యి వదిలే క్షణానికి దాని ఊపు పైకి 0.98 కి.గ్రా. మీ/సె. దాని భారం 0.98 న్యూటన్‌లు, అంటే భూమి సెకనుకు 0.98 చొప్పున ఆ ఊపును తీసేసుకుంటోంది. ఒక సెకను గడిచేసరికి ఊపు సున్నా, బంతి 4.9 మీటర్ల ఎత్తులో ఉంటుంది. రెండో సెకను చివర ఊపు మళ్లీ 0.98, ఈసారి కిందికి. ఈ పట్టిక అతనితోనే వేయించాను. మధ్య వరుస దగ్గర ఆగాడు.

‘సార్, పైన ఊపు సున్నా అయింది, కానీ భూమి లాగేది మాత్రం 0.98 అట్లనే ఉంది.’

‘ఉంటే?’

‘ఉంటే ఈ పై బాణం ఎవరిది?’ అని తనే అడిగి, తనే కొట్టేశాడు.

ఇంత త్వరగా కొట్టేస్తాడని నేను అనుకోలేదు, కాబట్టి నమ్మలేదు కూడా. నన్ను మెప్పించడానికి కొట్టేశాడేమో తేల్చుకోవాలంటే వేరే అధ్యాయంలో చూడాలి. వృత్తాకార చలనానికి ఈసారి వేరే ఏర్పాటు చేశాను. పాత జల్లెడ వల ఊడదీసి, మిగిలిన రేకు చట్రంలో పావు వంతు కత్తిరించి, నున్నటి కడప బండ మీద బోర్లించాను. చట్రం లోపలి అంచు వెంట గోలీ దొర్లిస్తే తెగిన చోట బయటికి వస్తుంది. ఎక్కడ వదులుతుందో ఇక్కడ అనుమానం లేదు, మైదానంలో పోగొట్టుకున్నది ఇదే. ముందుగా గోలీ పోయే దారిని సుద్దముక్కతో బండ మీద గీయమన్నాను. అతను వంపు తిరుగుతూ పోయే గీత గీశాడు, అంచు నేర్పిన వంపు కొంతసేపు దాంట్లోనే ఉంటుందన్నట్టు. 1980లో మైకేల్ మెక్‌క్లాస్కీ, ఆయన సహచరులు వంపు గొట్టం బొమ్మ ఇచ్చి అడిగినప్పుడు చాలామంది విశ్వవిద్యాలయ విద్యార్థులు గీసిన గీత కూడా ఇలాంటిదే.

గోలీ నేరుగా పోయింది. నాలుగుసార్లు దొర్లించాడు, నాలుగుసార్లూ సుద్ద గీతను వదిలేసి నేరుగానే పోయింది. నేనేమీ అనలేదు. కాసేపటికి తనే ఆకుపచ్చ పెన్సిల్ తీసి, చట్రం లోపల నాలుగు చోట్ల గోలీ ఊపును గీశాడు. నాలుగు బాణాలూ నాలుగు దిక్కులకు వచ్చాయి. ఊపు దిక్కు మారుతోందంటే ఎవరో మారుస్తూ ఉండాలి. రేకు అంచు గోలీని కేంద్రం వైపుకు నెడుతోందని రాశాడు. బయటి వైపు బాణానికి పేరు రాయమంటే మొదట ‘ఊపు’ అన్నాడు, కానీ తను గీసిన ఆకుపచ్చ బాణాలు ఒక్కటీ బయటి వైపుకు లేవని చూసుకుని ఊరకున్నాడు. ‘బ్యాలెన్స్’ అన్న మాట ఆ తర్వాత అతని కాగితాల్లో కనబడలేదు. బలాలు బ్యాలెన్స్ అయితే గోలీ నేరుగా పోవాలి గదా అని ఇంకో పిల్లవాడికి చెబుతుంటే నేను విన్నాను.

భ్రమణం దగ్గర పాత సమస్య కొత్త వేషంలో వస్తుందని ఎదురుచూశాను, వచ్చింది. స్థిర కోణీయ వేగంతో తిరుగుతున్న చక్రం మీద నికర టార్క్ (బలానికి ఉన్న తిప్పే ప్రభావం) ఎంత అంటే, ‘తిరుగుతాంది కాబట్టి ఉంటాది’ అన్నాడు. ఈసారి నాకు ప్రయోగం అక్కర్లేకపోయింది, అతని సెలవుల పనే చాలింది. పాలిష్ చేసే యంత్రానికి కరెంటు పోతే ఏమవుతుందని అడిగాను. చక్రం వెంటనే ఆగదని, కొంతసేపు తిరిగి తిరిగి నిలబడుతుందని, అందుకే ఆగేదాకా చెయ్యి పెట్టకూడదని ఇంట్లో హెచ్చరిస్తారని చెప్పాడు. అంటే తిరుగుడుకూ ఒక ఊపు ఉంది. దాని పేరు కోణీయ ద్రవ్యవేగం, దాన్ని మార్చేది టార్క్. కరెంటు ఉన్నప్పుడు చక్రం ఒకే వేగంతో తిరుగుతోందంటే ఆ ఊపు మారడం లేదు, కాబట్టి మోటారు ఇచ్చే టార్క్‌ను బండ రాపిడి, బేరింగుల ఘర్షణ ఎప్పటికప్పుడు సరిపెట్టేస్తున్నాయి. ఈ చివరి వాక్యం నాది కాదు, అతనిదే. నేను వాక్యాన్ని మాత్రం సర్దాను.

జడత్వ భ్రామకం (తిరుగుడులో మార్పును అడ్డుకునే గుణం) కోసం మీటరున్నర బండను ఒక కొన 15 సెంటీమీటర్లు ఎత్తి పెట్టాం. ఒక ఇనుప పైపు ముక్క, చపాతీ కర్ర నుంచి కోసిన ముక్క పక్కపక్కన వదిలాం. పైపే బరువు కాబట్టి అదే ముందు దిగుతుందన్నాడు. ఘన స్థూపానికి త్వరణం g sinθ లో (గురుత్వ త్వరణంలో వాలు వెంట ఉండే భాగంలో) మూడింట రెండు వంతులు, పలుచటి గోడ ఉన్న బోలు స్థూపానికి సగం. లెక్క ప్రకారం కర్ర ముక్కకు 2.14 సెకన్లు, పైపుకు 2.47 సెకన్లు పట్టాలి. స్టాప్‌వాచ్ కూడా అవసరం లేదు, ఎందుకంటే కర్ర ముక్క అడుగుకు చేరే సమయానికి పైపు ఇంకా 37.5 సెంటీమీటర్లు వెనక ఉండాలి. కంటికి దాదాపు అంతే కనబడింది. ద్రవ్యరాశి లెక్కలో కొట్టుకుపోతుందని, అది అక్షానికి ఎంత దూరాన పరుచుకుందన్నదే మిగులుతుందని సమీకరణంలో చూపడానికి అతనికి రెండు నిమిషాలు పట్టింది. గదుల మధ్య తలుపు తెరుచుకున్నది ఇక్కడే అని నాకనిపించింది.

అసలు పరీక్ష మొదటి పత్రంలోని మూడో బొమ్మ. పైకి దొర్లే గోళం మీద ఘర్షణ ఎటు అన్నది నేను కావాలనే చెప్పకుండా ఉంచుకున్నాను. పద్నాలుగో వారంలో ఆ ప్రశ్ననే మళ్లీ ఇచ్చాను. అతను రాసిన వరస ఇది: గోళం పైకి పోతూ నెమ్మదిస్తోంది, జారడం లేదు కాబట్టి దాని తిరుగుడు కూడా నెమ్మదించాలి, తిరుగుడు ఊపును ఎవరో తగ్గిస్తున్నారు. భూమి లాగే బలం కేంద్రం గుండా పోతుంది, బండ నెట్టే లంబ బలమూ కేంద్రం గుండానే పోతుంది, కాబట్టి ఆ రెండింటికీ టార్క్ లేదు. మిగిలింది ఘర్షణ. అది తిరుగుడును తగ్గించాలంటే వాలు వెంట పైకే ఉండాలి. కింద, ‘చలనం వైపే ఘర్షణ ఉంది, సరేనా సార్?’ అని రాశాడు.

సరే. ‘ఘర్షణ చలనాన్ని వ్యతిరేకిస్తుంది’ అని నేను ఏళ్ల తరబడి నోట్సులో చెప్పించిన వాక్యమే అతని మొదటి తప్పుకు మూలం. వ్యతిరేకించేది తాకుతున్న తలాల మధ్య సాపేక్ష చలనాన్ని, లేదా ఆ చలనం కలగబోయే ధోరణిని. తొక్కుతున్న సైకిల్ వెనక చక్రాన్ని ముందుకు నెట్టేది కూడా రోడ్డు ఘర్షణే.

మళ్లీ మొదలుపెడితే

ఇలాంటి పత్రం ఇంకొకటి వస్తే ముందుగా క్యారమ్ బోర్డు దగ్గరికే వెళ్తాను, లెక్కల పుస్తకం దగ్గరికి కాదు. ఊపు, బలం, వేగం, శక్తి అన్న నాలుగు మాటలను ఇళ్లలో ఎలా వాడతారో పాఠానికి ముందే పిల్లల చేత చెప్పిస్తున్నాను. ప్రయోగానికి ముందు ఊహను గీయించడం ఇప్పుడు మానను. అంతకన్నా ముందు, ఆ ప్రయోగం రెండు ఊహల మధ్య నిజంగా తేడా చూపగలదా అని లెక్క వేసుకుంటున్నాను. ఆకుపచ్చ పెన్సిల్ మాత్రం అందరికీ పనికిరాలేదు. ఊపు అన్న ఆలోచన అంత గట్టిగా లేని పిల్లలు దాన్నీ ఇంకో బలంగానే గీసి, ఉన్నవాటికి ఒక బాణం కలిపారు.

ఈ కేసులో తేలనిది కూడా ఒకటి ఉంది. మేనమామ ఇంట్లో పెళ్లికి గువ్వలచెరువు ఘాట్ మీదుగా రాయచోటికి బస్సులో వెళ్లి వచ్చాక అడిగాడు: ‘బయటికి బలం లేదంటిరి గదా సార్, మరి మలుపులో నన్ను కిటికీకేసి నొక్కిందెవరు?’ నీ ఊపు నేరుగా పోతోంది, బస్సు తిరిగింది, కిటికీ వచ్చి నిన్ను లోపలికి నెట్టింది అన్నాను. ఒప్పుకున్నాడు. రెండో సంవత్సరంలో పోటీ పరీక్షల మెటీరియల్‌లో అపకేంద్ర బలంతో (కేంద్రం నుంచి బయటికి నెట్టే బలంతో) చేసిన లెక్క ఒకటి, జవాబు కూడా సరిగ్గా వచ్చినది, పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. అతని ముఖంలో మోసపోయినవాడి కోపం ఉంది. రోడ్డు పక్కన నిలబడి చూసేవాడి లెక్క వేరని, బస్సుతో పాటు తిరిగేవాడి లెక్క వేరని, ఆ రెండో లెక్క కుదరడానికి ఒక మిథ్యాబలాన్ని కలుపుకుంటామని అప్పుడు చెప్పాను. మొదట్లో నేను ‘అలాంటి బలమే లేదు’ అని అంత గట్టిగా అనకుండా ఉండాల్సింది.

విని, బస్సులో కూర్చున్నవాడి పటం గీశాడు. బయటి వైపు బాణం పక్కన పాత అలవాటు కొద్దీ రెండు పేర్లు రాయబోయి, ఎవరి మీద అన్నచోట ‘నా మీద’ అని రాసి, ఎవరు అన్నచోట చాలాసేపు ఆగి, ‘మలుపు’ అని రాశాడు. దానికి నేను తప్పు గీత పెట్టలేదు, ఒప్పూ పెట్టలేదు.